హైదరాబాద్–బెంగళూరు స్లీపర్: ఒక్క బండి యజమానికి ఏమైనా మిగులుతుందా?

అత్తాపూర్ వాసి:
మా తమ్ముడూ నేనూ కలిసి 36 బెర్తుల ఏసీ స్లీపర్ పాతబండి ఒకటి ఫైనాన్స్‌లో తీసుకొని బెంగళూరు లైన్లో వేయాలని చూస్తున్నాము. సొంత పేరుతో నడుపుకోవడం మేలా, పెద్ద ట్రావెల్స్‌కు కిలోమీటరు లెక్కన అప్పగించడం మేలా, రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రానిదైతే నయం, విజయవాడ లైను దీనికన్నా లాభమా అన్న విషయాలు అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లెక్కల మాస్టారు:
ఈ నగరంలో ట్రావెల్స్ వారి జీఎస్టీ రిటర్నులు నాకన్నా ఎక్కువ చూసినవారు ఈ చర్చలో ఉండరు కనుక సూటిగా చెబుతాను. దూరం 570 కిలోమీటర్లు, ఏసీ స్లీపర్ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. హైదరాబాదు ధరకు ఒక వైపు డీజిలే పదమూడున్నర వేలు దాటుతుంది. అందుకే తెలిసినవారు నాలుగైదు రూపాయలు తక్కువకు దొరికే కర్ణాటకలో ట్యాంకు నింపుకుంటారు. మంగళవారం రాత్రి ఇరవై బెర్తులు ఎనిమిది వందల చొప్పున పోతే వచ్చేది పదహారు వేలు. అందులోంచి యాప్ కమీషన్, టోల్, ఇద్దరు డ్రైవర్ల బత్తా, క్లీనర్ జీతం తీసి చూడండి. శుక్ర, ఆదివారాల్లో వచ్చినదంతా ఈ గుంట పూడ్చడానికే సరిపోతుంది.

లక్డీకాపూల్ పాతకాపు:
మాస్టారు గారు కమీషన్‌ను ఒక్క మాటతో దాటవేశారు గానీ అసలు రోగం అక్కడే ఉంది. ఆన్‌లైన్లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ 2006లో, ఆ తరువాత మన ఊళ్లోనే అభిబస్ వచ్చినప్పుడు కౌంటరు ఏజెంటు బెడద తప్పిందని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు జాబితాలో పైన కనబడాలంటే తగ్గింపు ఇవ్వాలి, రేటింగు నిలబడాలి. ఇరవై బండ్లున్నవాడు రాత్రి ఎనిమిదింటికి ధర సగానికి తగ్గించి ఆ నష్టాన్ని వేరే లైన్లో రాబట్టుకుంటాడు, ఒక్క బండివాడికి వేరే లైనంటూ ఉండదు.

ఎల్బీనగర్ ట్రావెల్స్:
టికెట్ల మీద లాభం వస్తుందని ఎవరు చెప్పారు? డిక్కీ నిండా పార్సిళ్లు పడితే డీజిల్ ఖర్చులో మంచి భాగం బండి కదలకముందే చేతికొస్తుంది. పార్సిల్ లేకుండా ఈ లైన్లో ఈఎంఐ కట్టినవారిని నేను చూడలేదు.

నైట్ డ్రైవర్:
ఎల్బీనగర్ గారూ, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఇదే లైను బస్సు కాలిపోయినప్పుడు అందులో సెల్‌ఫోన్ల పార్సిల్ ఉందని పత్రికలన్నీ రాశాయి. 2013 అక్టోబరు 30న పాలెం వద్ద బస్సు కాలి 45 మంది చనిపోయిందీ ఈ రోడ్డు మీదే. మూట కట్టి తెచ్చిన పెట్టెలో ఏముందో బుకింగ్ కుర్రాడు విప్పి చూడడు, చీటీ మీద ‘గృహోపకరణాలు’ అని రాసి డిక్కీలోకి తోస్తాడు, స్టీరింగ్ ముందు కూర్చునేది మాత్రం మేము.

ఎల్బీనగర్ ట్రావెల్స్:
చిన్నటేకూరులో బస్సు కిందికి మోటారు సైకిలు వచ్చి నిప్పు పుట్టింది, పార్సిల్ వల్ల కాదు. ప్రతి పాపమూ యజమాని మెడకు చుట్టడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది.

నైట్ డ్రైవర్:
నిప్పు పార్సిల్ పుట్టించిందని నేను అనలేదు. రేగిన మంటకు మీ సరుకు మేత కాకూడదన్నాను. ప్రయాణికుల సామాను కాని సరుకు వేసినందుకు రవాణా శాఖవారు కేసులు రాస్తున్నది మీకు తెలియదా?

ఎల్బీనగర్ ట్రావెల్స్:
తెలుసు, జరిమానా కట్టిన రసీదులూ ఉన్నాయి. ఆర్టీసీ సొంతంగా కార్గో నడిపితే సేవ, మేము నాలుగు పెట్టెలు వేస్తే నేరమా?

గచ్చిబౌలి ప్రయాణికుడు:
యజమానుల కన్నీళ్లు చదువుతుంటే జాలి వేస్తోంది గానీ సంక్రాంతికి మూడింతలు వసూలు చేసేటప్పుడు ఈ లెక్కలు ఎందుకు గుర్తుకు రావు? మియాపూర్‌లో ఎక్కినవాడు కేపీహెచ్‌బీ, అమీర్‌పేట, లక్డీకాపూల్ అంటూ ప్రతి చోటా ఆగి ఆరాంఘర్ దాటేసరికి రెండు గంటలు గడుస్తున్నాయి. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ ఉంది, పగలు వెళ్లగలిగినవాళ్లు అటే పోతున్నారు.

లక్డీకాపూల్ పాతకాపు:
పండుగకు వెళ్లేటప్పుడు నిండిన బండి తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తుందన్న సంగతి ప్రయాణికుడి టికెట్టులో కనిపించదు. అయినా మూడింతలు తప్పే, నేను కాదనను.

అత్తాపూర్ వాసి:
అయ్యా, నా రిజిస్ట్రేషన్ ప్రశ్న అలాగే ఉండిపోయింది. నాగాలాండ్ నంబరు బండి చవకగా వస్తోంది.

లెక్కల మాస్టారు:
పన్ను కలిసొస్తుందని బయటి రాష్ట్రం నంబరు వేయించుకునే కాలం పోయిందండీ. 2021లో అఖిల భారత టూరిస్టు పర్మిట్ నిబంధనలు వచ్చాక ఏసీ పెద్ద బస్సు దేశమంతా తిరగడానికి ఏడాదికి 3 లక్షల రుసుము ఒకేచోట కడితే సరిపోతుందన్నారు, 2023లో వాటిని మళ్లీ మార్చారు. అయినా బయటి రిజిస్ట్రేషన్ బస్సుల్ని తమిళనాడు 2024లో అడ్డుకుంది. దారిలో బండి ఆగిపోతే ప్రయాణికుల్ని వేరే బస్సులో పంపే ఖర్చు మీదే. ఇక విజయవాడ మాట: అది 270 కిలోమీటర్లే కావడంతో విద్యుత్ బస్సులు దిగాయి, వాటికి పర్మిట్ రుసుము కూడా లేదు, కాబట్టి మీ పాత డీజిల్ బండితో అటు వెళ్లకండి.

ఎల్బీనగర్ ట్రావెల్స్:
మాస్టారు గారు రిటర్నులు చూశారేమో గానీ బండి తోలించలేదు. విజయవాడ లైన్లో మా బండ్లు ఇప్పటికీ నిండుతున్నాయి.

లెక్కల మాస్టారు:
నిండడం వేరు, మిగలడం వేరు. మీ ఆడిటరును అడగండి.

శంషాబాద్ అద్దె బండి:
అత్తాపూర్ గారూ, మొదటి ప్రశ్నకు జవాబు నేనిస్తాను. మా బండిని పెద్ద ట్రావెల్స్‌కు కిలోమీటరు లెక్కన ఇచ్చాము. సీట్ల బాధ మనకు ఉండదు గానీ బిల్లు రెండు నెలలు ఆలస్యమైతే ఫైనాన్స్ వాడు ఆగడు. కనీస కిలోమీటర్ల హామీ, డీజిల్ పెరిగితే రేటు పెంచే షరతు రాతపూర్వకంగా తీసుకోండి, టైర్లు ఎవరి ఖర్చో కూడా అందులోనే రాయించండి. డిక్కీ వారిదో మీదో తేలకుండా సంతకం పెట్టవద్దు, ఎందుకంటే పార్సిల్ డబ్బు వారు తీసుకొని కేసు మాత్రం ఆర్‌సీ మీద పేరున్నవాడికి వదులుతారు.

ఎల్బీనగర్ ట్రావెల్స్:
మళ్లీ పార్సిలేనా?