బూస్ట్ గేజ్ ముల్లు సున్నాకు కిందికి ఎందుకు దిగుతుంది?

ప్రశ్న

నా టర్బో పెట్రోల్ కారుకు ఇటీవల బూస్ట్ గేజ్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని చూపే మీటర్) అమర్చుకున్నాను. ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) ముల్లు సున్నాకు కిందికి దిగి 20 దగ్గర నిలుస్తోంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే క్షణకాలం 14 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా వెళ్లి 11 వద్ద స్థిరపడుతోంది. ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్ సమాచారాన్ని చదివే సాకెట్‌కు) తగిలించిన పరికరం మాత్రం ఐడిల్‌లో 34 కిలోపాస్కల్ అని చూపుతోంది. ఈ రెండింటిలో దేనిని నమ్మాలి? మిత్రుడి డీజిల్ కారులో ముల్లు సున్నాకు కిందికి రానే రాదు కనుక, నా ఇంజిన్‌లో ఏదైనా లోపం ఉందేమోనని అనుమానంగా ఉంది.

మొదటి సమాధానం

రెండూ నిజమే చెబుతున్నాయి. కొలత మొదలుపెట్టే చోటు ఒక్కటే వేరు. మీ గేజ్‌లో సున్నా అంటే బయటి వాతావరణ పీడనం, అంటే సముద్ర మట్టం వద్ద సుమారు 101 కిలోపాస్కల్ లేదా 14.7 పీఎస్‌ఐ, ఓబీడీ పరికరంలో సున్నా అంటే సంపూర్ణ శూన్యం. ఐడిల్‌లో గాలిదారిని నియంత్రించే కవాటం, అంటే థ్రాటిల్, దాదాపు మూసి ఉండగా పిస్టన్లు గాలిని లాగుతూనే ఉంటాయి కాబట్టి మానిఫోల్డ్‌లో (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో) వాక్యూమ్ ఏర్పడుతుంది. మీరు చూసిన 20 పీఎస్‌ఐ కాదు, పాదరస అంగుళాలు. 20 అంగుళాలంటే దాదాపు 67 కిలోపాస్కల్. 101 నుంచి తీసివేస్తే మిగిలేది 34. ఒకే డయల్‌పై సున్నాకు కింద ఒక ప్రమాణం, పైన మరొకటి ముద్రించడం వల్లనే ఈ గందరగోళమంతా.

డీజిల్ ఇంజిన్‌తో పోలిక ఇక్కడ కుదరదు. అందులో శక్తిని ఇంధన పరిమాణంతో నియంత్రిస్తారు తప్ప, పెట్రోల్ ఇంజిన్‌లో వలె గాలిదారిని మూసి కాదు, అందుకే అక్కడ ముల్లు సున్నాకు కిందికి రాదు.

రెండవ సమాధానం

14కు వెళ్లి 11కు దిగడం గురించి ఒక మాట చేర్చాలి. టర్బో వేగం పుంజుకున్నాక వేస్ట్‌గేట్ అనే కవాటం తెరుచుకుని, ఎగ్జాస్ట్‌లో కొంత భాగాన్ని టర్బోను తిప్పే టర్బైన్‌ను తాకకుండా పక్కకు మళ్లిస్తుంది. అది స్పందించేలోపు పీడనం కాస్త హద్దు దాటడం సాధారణమే. స్థిరపడకుండా ఆర్‌పీఎమ్‌తో పాటు పెరుగుతూనే పోతే మాత్రం దానిని బూస్ట్ క్రీప్ అంటారు, అప్పుడు జాగ్రత్త పడాలి. మునుపటి 11 క్రమంగా 8కి, 7కి పడిపోతుంటే ముందుగా ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే భాగం) గొట్టాలను, క్లాంపులను పరీక్షించండి. టర్బోనే మార్చాలనే నిర్ణయానికి తొందరపడి రావద్దు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మరొక సందేహం: సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఐడిల్‌లో ముల్లు 15 అంగుళాల వద్దే నిలిచింది. ఇది లీకేజీకి గుర్తా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఆ ఎత్తులో బయటి పీడనమే దాదాపు 85 కిలోపాస్కల్‌కు పడిపోతుంది. మానిఫోల్డ్‌లో అదే 34 ఉన్నా, తేడా 51 మాత్రమే, అంటే 15 అంగుళాలు. కొండ దిగాక కూడా ముల్లు 20కి చేరకపోయినా, ఐడిల్ నిలకడ తప్పినా, బుస్సుమనే శబ్దం వినిపించినా లీకేజీని అనుమానించవచ్చు. ఒక హెచ్చరిక: కొన్ని ఫోన్ యాప్‌లు బయటి పీడనాన్ని కొలవకుండా ఎప్పుడూ 101 అనే లెక్క కడతాయి కాబట్టి, కొండల మీద అవి చూపే బూస్ట్ వాస్తవం కంటే సుమారు 2 పీఎస్‌ఐ తక్కువగా ఉంటుంది.