అంటార్కిటికా పెత్తనం 29 దేశాలకేనా?

గోదారిగట్టు:
"2048తో అంటార్కిటికా ఒప్పందం అయిపోతుంది, ఇక తవ్వుకోవడమే" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. 1959 ఒప్పందానికి అసలు గడువే లేదు. ఖనిజాల తవ్వకాన్ని ఆపింది 1991 మాడ్రిడ్ ప్రోటోకాల్. 2048 తర్వాత నిర్ణయాధికారం ఉన్న సభ్యదేశం ఏదైనా దాని మీద సమీక్ష అడగొచ్చు, అంతవరకే. నా గొడవ వేరు. ఒప్పందంలో ఉన్నవాటిలోనూ నిర్ణయాల్లో మాట చెల్లేది అక్కడ పరిశోధన చేసే 29 దేశాలకే. అక్కడ స్టేషన్ కట్టి పరిశోధన చేసే స్తోమత లేని దేశాల సంగతేంటి? 1956లో ఈ విషయం ఐక్యరాజ్య సమితిలో చర్చించాలని అడిగింది మనమే. 1983లో మనకూ ఆ హోదా దక్కింది. ఆ మాట మళ్లీ ఎత్తితే ఒట్టు!

తూర్పుకనుమ:
సమితికి అప్పగిస్తే ఉద్ధరిస్తుందా? ఏడు దేశాలు ఆ ఖండంలో ముక్కలు తమవంటున్నాయి. బ్రిటన్, అర్జెంటీనా, చిలీ చెప్పే హద్దులైతే ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. హక్కు చూపించుకోడానికి అర్జెంటీనా ఒక గర్భిణిని ఎస్పెరాంజా స్థావరానికి పంపితే 1978లో అక్కడే కాన్పయింది. ఇంత పంతం ఉన్నా తుపాకీ పేలకుండా ఆపింది ఆ ఒప్పందంలోని నాలుగో అధికరణమే: ఎవరి వాదన వాళ్లదే, కొత్తగా ఎవరూ ఏదీ కోరకూడదు. మన భారతి స్టేషన్ ఉన్న లార్స్‌మన్ కొండలు తనవని ఆస్ట్రేలియా అంటుంది. ఆ కొండల్లోనే చైనా ఝాంగ్‌షాన్, రష్యా ప్రోగ్రెస్ కూడా ఉన్నాయి. ఎవరూ ఎవరికీ అద్దె కట్టట్లేదు.

ఉప్పుటేరు:
ఇద్దరూ నేల గురించే మాట్లాడుతున్నారు. కిలోమీటర్ల మందాన మంచు తొలిచి ఖనిజం తీసేదెవరండీ, ఖర్చులు రావద్దూ? ఇప్పుడు జరుగుతున్న పోటీ సముద్రంలో, క్రిల్ కోసం. చిటికెన వేలంత ఉండే ఈ రొయ్యలాంటి జీవి మీదే అక్కడి చాలా తిమింగలాలు, పెంగ్విన్లు బతుకుతాయి. దాన్ని ఎక్కువగా పట్టేది నార్వే, చైనా. చేపల మేతకీ, ఒమేగా-3 గొట్టం మాత్రలకీ వాడతారు. ఈ వేటను చూసే అంతర్జాతీయ కమిషన్ (CCAMLR) అంటార్కిటికా ద్వీపకల్పం వైపు సముద్రాల్లో ఏటా 6,20,000 టన్నులే పట్టాలని పరిమితి పెట్టింది. పట్టుబడి ఒకేచోట గుమికూడకుండా నాలుగు భాగాలుగా పంచే నిబంధన 2024లో మురిగిపోయింది, కొనసాగించడానికి ఏకాభిప్రాయం కుదరలేదు. 2025లో మొదటిసారి పరిమితి మొత్తం నిండి, ఆగస్టులోనే వేట ఆపాల్సి వచ్చింది. తూర్పు అంటార్కిటికాలో రక్షిత సముద్ర ప్రాంతం పెడదామంటే ఏళ్ల తరబడి చైనా, రష్యా ఒప్పుకోవట్లేదు. ఒక్కరు కాదంటే పని ఆగిపోయే పద్ధతి కదా.

తూర్పుకనుమ:
ఆ పద్ధతి వల్లే 2016లో రాస్ సముద్రంలో రక్షిత ప్రాంతం వచ్చింది. రష్యాను ఓటింగులో ఓడించి పెట్టుంటే వాళ్లు దాన్ని లెక్కచేసేవాళ్లా?

గోదారిగట్టు:
క్రిల్ సంగతి ఒప్పుకుంటా, అది నా వాదనకే బలం. పరిమితి ఎంతుండాలో తేల్చే బల్ల దగ్గర వేటాడే దేశాలూ కూర్చుంటున్నాయి. సమితి వద్దంటే మానేయండి. కనీసం క్రిల్ పట్టే దేశాల నుంచి టన్నుకింత అని వసూలు చేసి, స్టేషన్ లేని దేశాల శాస్త్రవేత్తలను అక్కడికి పంపే ఏర్పాటైనా ఉండాలి. దీనికి అభ్యంతరం ఏంటో చెప్పండి.

ఉప్పుటేరు:
అభ్యంతరం లేదు. దానికీ నార్వే, చైనా ఒప్పుకోవాలి.