నౌపడ–గుణుపూర్ చిన్న రైలు: టెక్కలి వైపు చరిత్రకు ఆధారాలు ఎక్కడ వెదకాలి?

ప్రశ్న: టెక్కలి మనుమరాలు

పెద్దలకు నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. మా తాతగారు నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ వెళ్లే రైలు మార్గంలో గ్యాంగుమన్‌గా పనిచేసి అక్కడే ఉద్యోగ విరమణ చేశారు. ఆ మార్గంలో చిన్న రైలు 2004 జూన్‌లో ఆగిపోయింది. పాత పట్టాలు తీసి, వెడల్పు చేసి, పర్లాకిమిడి వరకు 2010లోనూ గుణుపూర్ వరకు 2011లోనూ పెద్ద రైలు నడిపారు. రైలు మళ్లీ వచ్చినందుకు ఈ ప్రాంతంలో సంతోషించని వాళ్లు లేరు. అయితే నూట నాలుగేళ్లు మా ఊళ్ల మధ్య నడిచిన, పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే ఆ మార్గాన్ని గురించి మా వైపు నుంచి ఎవరైనా కూర్చి రాసింది ఇంతవరకు మాకు దొరకలేదు.

స్నేహితులం నలుగురం కలిసి నౌపడ, టెక్కలి, పెద్దసాన, తెంబూరు, గంగువాడ, పాతపట్నం వరకు ఉన్న భాగం చరిత్రను రాయాలని ఏడాదిగా తిరుగుతున్నాం. ఏ వ్యాసం చూసినా కనిపించేది ఒకటే కథ: పర్లాకిమిడి రాజావారు 1898లో పని మొదలుపెట్టించి, సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో, 1900 నాటికి నౌపడ నుంచి తమ పట్టణానికి 40 కిలోమీటర్ల మార్గం వేయించారు, ఆ తర్వాత 1929లోనూ 1931లోనూ రెండు విడతలుగా గుణుపూర్ దాకా పొడిగించడంతో మొత్తం 90 కిలోమీటర్లయింది. ఇదంతా రాజావారి వైపు నుంచి చెప్పిన కథ. రైలుకట్ట ఎవరి పొలాల మీదుగా పోయింది, ఆ పొలాలకు ఏమిచ్చారు, మట్టి మోసింది ఏ ఊళ్లవాళ్లు, స్టేషను పెద్దసానలో పెట్టినవారు పక్క ఊళ్లో ఎందుకు పెట్టలేదు అన్నవి మాకు కావాలి.

మా చేతిలో ఉన్నవి మూడే. ఒకటి, తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన తెంబూరు–నౌపడ అట్టటిక్కెట్టు. బొటనవేలంత పొడవుండే మందపాటి అట్ట అది. అంచున నొక్కిన తేదీ ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనబడదు, కనబడినా సంవత్సరం పూర్తిగా తెలియడం లేదు. రెండోది, ఆయన పింఛను కాగితాలు. మూడోది, మా పశువులశాలకు నిట్రాటగా పాతిన పాత రైలుపట్టా ముక్క. దాని నడుముభాగం మీద ఉబ్బెత్తుగా ఏవో అక్షరాలున్నాయి. ఏళ్ల తరబడి వేసిన సున్నం, దాని కింద తుప్పు వాటిని చదవనివ్వడం లేదు.

జిల్లాలోని ఒక కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాం. 1950కి ముందు కాగితాలు తమ దగ్గర లేవని చెప్పి పంపేశారు. ఇక ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: చరిత్ర మాస్టారు, పలాస

అమ్మా, ఆ కార్యాలయం వారు చెప్పిన మాట నిజమే కాని, సగమే చెప్పారు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందే 1950 ఆగస్టు 15న. మీ రైలు అంతకంటే యాభై ఏళ్లు పెద్దది. కట్ట వేసిన రోజుల్లో టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మూడూ మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని గంజాం జిల్లాకు చెందినవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గంజాం చీలి, పర్లాకిమిడి పట్టణం అటు పోయింది. పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో చేరాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పి, సవర భాష మీద శ్రమించిన ఆ పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయింది ఆ సందర్భంలోనే. ఆ చీలికతో చిన్న రైలుకు ఒక కొస మద్రాసు రాజధానిలోనూ రెండో కొస ఒడిశాలోనూ పడ్డాయి. కాగితాలు కూడా అలాగే పడ్డాయి.

అందుచేత మీకు కావలసిన కాగితం ఏ సంవత్సరానిదో ముందు తేల్చుకుని, ఆ సంవత్సరంలో మీ ఊరు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా పేరుతో వెదకండి. 1936కు ముందువాటికి శ్రీకాకుళం అన్న మాటే పట్టికల్లో పనికిరాదు. గంజాం అని చూడాలి. మద్రాసు ప్రభుత్వపు పాత ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పురాపత్రశాలలో ఉన్నాయి. ప్రజాపనుల శాఖ, రెవెన్యూ శాఖ రెండింటి వార్షిక సూచికలనూ 1896 నుంచి 1902 దాకా వరుసగా చూడమని నా సలహా. పొడిగింపు కాలానికి మాత్రం ఈ సూత్రం మారుతుంది: గుణుపూర్ తాలూకా అప్పట్లో జయపురం జమీందారీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది కనుక, 1929–31 నాటి ఆ చివరి భాగపు కాగితాలు గంజాం కింద దొరకవు.

భూముల సంగతి మీరు సరిగ్గా అడిగారు, నాకూ అదే ముఖ్యమనిపిస్తుంది. నా ఊహ ఏమిటంటే, పర్లాకిమిడి జమీందారీ గ్రామాల్లో కట్ట వేసినప్పుడు చాలా వ్యవహారం ఎస్టేటు కచేరీలోనే ముగిసి ఉంటుంది. టెక్కలి వేరే జమీందారీ కాబట్టి అక్కడ రాతకోతలు ఎక్కువగా జరిగి ఉండాలి. 1894 భూసేకరణ చట్టం కింద తీసుకున్న భూమి అయితే గెజెట్‌లో ప్రకటన తప్పనిసరి. ఆ ప్రకటన ఒక్కటి దొరికితే ఊరి పేరు, విస్తీర్ణం చేతికొస్తాయి. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక ఎస్టేటు గ్రామాలన్నీ కొలిచి, రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిలోకి తెచ్చారు కనుక, ఆ సర్వే నాటి గ్రామపటాల్లో రైలుకట్ట విడిగా కనబడుతుంది. తహశీల్దారు కార్యాలయంలో అడంగలు, కొలతల పుస్తకం అడిగి, కట్టకు ఇరుపక్కలా ఒకే రైతు పేరు ఎక్కడెక్కడ ఉందో చూడండి. కట్ట ఎవరి పొలం చెక్కను రెండుగా కోసిందో అక్కడ తెలుస్తుంది.

జవాబు: విశ్రాంత రైల్వే గుమాస్తా, ఆమదాలవలస

మాస్టారు ప్రభుత్వ కాగితాల దారి చూపించారు. రైల్వే కాగితాల దారి వేరు. మార్గం వేయించింది రాజావారే అయినా, 1902 నుంచి దాన్ని నడిపింది బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ కంపెనీని 1944లో ప్రభుత్వం తీసుకుంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003లో తూర్పు కోస్తా రైల్వే వచ్చింది. యజమాని మారిన ప్రతిసారీ బీరువాలు ఒక చోటి నుంచి మరొక చోటికి కదిలాయి. పాత కంపెనీ కేంద్రం కలకత్తా గార్డెన్‌రీచ్‌లో ఉండేది కాబట్టి 1944కు ముందువాటి కోసం అటువైపు చూడక తప్పదు.

మీరు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. అయితే చరిత్ర తెలపండి అని రాస్తే మీకు ఒక్క కాగితం కూడా రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద వారి దగ్గర ఉన్న పత్రాన్ని ఇస్తారు గాని మీ కోసం కొత్తగా ఏదీ రాసి ఇవ్వరు. పత్రం పేరు మీరే చెప్పాలి. నౌపడ–పాతపట్నం మధ్య నారోగేజీ వంతెనల రిజిస్టరు నకలు అని రాయండి. ఆ రిజిస్టరులో ప్రతి తూముకూ ఒక సంఖ్య, మైలు, వెడల్పు, కట్టిన ఏడు, మరమ్మతు చేసిన ఏడు ఉంటాయి. ఏ తూము ఏ వాగు మీదో తెలిస్తే, ఏ వరదకు ఏది కొట్టుకుపోయిందో, తర్వాత దేన్ని వెడల్పు చేశారో ఊహ అవసరం లేకుండానే తెలిసిపోతుంది. తర్వాత రైల్వే భూమి ప్లాన్లు, సిబ్బందికి ఇచ్చే వర్కింగ్ టైంటేబుళ్లు విడివిడి దరఖాస్తులతో అడగండి. నేను ముప్పై ఏళ్లు రికార్డుల గదికి దగ్గరగా పనిచేసినవాడిని. మార్గం మూసినప్పుడు ముందుగా చెదల పాలయ్యేవి ఈ టైంటేబుళ్లే, కాబట్టి వాటిని ఆలస్యం చేయకండి.

ఇక మీ పశువులశాల నిట్రాట. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది అదేనని నా అభిప్రాయం. కాలిన ఉక్కును రోలర్ల మధ్య నొక్కి పట్టాగా సాగదీసేటప్పుడే దాని నడుము మీద కార్ఖానా పేరు, తయారైన సంవత్సరం, బరువు తెలిపే అంకె ఉబ్బెత్తుగా తీస్తారు. దయచేసి ఇసుక కాగితంతోనో ఉలితోనో గీకకండి; తుప్పుతోపాటు అక్షరమూ పోతుంది. తడిగుడ్డతో సున్నం మెత్తబరచి, కొబ్బరిపీచుతో నెమ్మదిగా తోమి, బాగా ఆరాక పొడి ముగ్గుపిండిని అరచేత్తో పైపైన రాయండి. ఉబ్బెత్తు అంచులు తెల్లగా తేలతాయి. సాయంత్రం నీరెండ పక్కనుంచి పడే వేళ ఫొటో తీయండి.

మరొక మాట. పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు, ఉండే చిన్న మార్గం బిగువు మలుపులు తిరగగలదు. 1676 మిల్లీమీటర్ల పెద్ద మార్గానికి అంత బిగువు మలుపులు కుదరవు. మార్పిడిలో మలుపు సరిచేసిన ప్రతి చోటా పాత కట్ట ముక్క పక్కన మిగిలిపోయి ఉండవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకుని చూసి, ఆ ముక్కలు పొలాల్లో కలిసిపోకముందే నడిచి రండి.

జవాబు: బొబ్బిలి వాసి

మేము 1913లో వేసిన బొబ్బిలి–సాలూరు శాఖ గురించి, దాని మీద నడిచిన రైలుబస్సు గురించి ఇలాగే వెదుకుతూ రెండు పొరపాట్లలో చాలా కాలం పోగొట్టుకున్నాం. అవి మీకు ఎదురు కాకూడదని రాస్తున్నాను. మొదటిది సంవత్సరం. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వెళ్లే పెద్ద మార్గం పూర్తయింది కూడా 1931లోనే, దాన్నీ బెంగాల్ నాగపూర్ రైల్వే వారే వేశారు. అందుచేత 1931 నాటి వార్తల్లో, నివేదికల్లో కొత్త మార్గం ప్రారంభం అని కనబడగానే గుణుపూర్‌ది అనుకోకండి. రెండోది పేరు. ఆ రాయపూర్ మార్గం మీదే ఒడిశాలో నువాపడా అనే మరొక ఊరుంది. ఇంగ్లీషు కాగితాల్లో మన నౌపడను మూడు నాలుగు విధాలుగా రాశారు. అందులో ఒకటి ఆ ఊరి పేరుతో కలిసిపోతుంది. పక్కన టెక్కలి గాని పర్లాకిమిడి గాని ఉంటేనే అది మన నౌపడ.

జవాబు: పాతపట్నం ఆడపడుచు

కాగితాల సంగతి పెద్దలు చెప్పారు. మనుషుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే కాగితాలు ఇంకో పదేళ్లు ఆగుతాయి గాని ఎనభై ఏళ్లు దాటిన వాళ్లు ఆగరు. నేను రెండేళ్లుగా మా వీధిలోనూ, ఏరు దాటి పర్లాకిమిడిలోనూ చిన్న రైలు ఎక్కినవాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేస్తున్నాను. తెలుగు, ఒడియా, సవర మూడూ వినబడే రైలు అది కాబట్టి ఏ భాషలో చెబితే ఆ భాషలోనే ఉంచుతున్నాను.

మొదట్లో నేను ఏ సంవత్సరం అని అడిగేదాన్ని. తెలియదమ్మా అని నోరు మూసుకునేవారు. తర్వాత అడగడం మార్చుకున్నాను: అప్పటికి మీకు పెళ్లయిందా, పెద్దబ్బాయి పుట్టాడా, వంశధార వరద వచ్చిన ఏటికి ముందా తర్వాతా? ఆ వరద 1980 నాటిది కనుక మిగతా లెక్క మనం కట్టుకోవచ్చు. రాజుగారి గురించీ ఇంజను గురించీ అడిగితే అందరూ విన్నదే చెబుతారు. గంపలో ఏం పట్టుకెళ్లారు, ఎక్కడ దిగారు, తిరుగు బండి దాకా ఎక్కడ కూర్చున్నారు అని అడిగితే వాళ్లు చూసింది చెబుతారు. చింతపండు గంపతో నౌపడ వెళ్లి ఉప్పుతో తిరిగొచ్చిన ఒక అవ్వ, వర్షాకాలం పెట్టెలో ఉప్పు గోనె కింద తడి చేరకుండా తాటాకు చాప ఎలా మడిచి వేసేవారో నేల మీద కూర్చుని చేతులతో చేసి చూపించింది. ఏ రిజిస్టరులోనూ అది ఉండదు. మీ తాతగారితో కలిసి పనిచేసిన గ్యాంగువాళ్లు ఇంకా ఉంటే ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లండి. మీ తాతగారి పింఛను కాగితాల్లో గ్యాంగు సంఖ్య, హద్దు మైళ్లు ఉన్నాయేమో చూడండి.

మళ్లీ: టెక్కలి మనుమరాలు

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న సాయంత్రం గుమాస్తాగారు చెప్పినట్టే చేశాం. కొబ్బరిపీచుతో గంటసేపు తోమి, ముగ్గు రాశాక అక్షరాలు తేలాయి. కార్ఖానా పేరులో మొదటి భాగం తుప్పు తినేసింది. అంకెల్లో 1, 8 స్పష్టంగా ఉన్నాయి. మూడోది 9 అనిపిస్తోంది, నాలుగోది చదవలేకపోయాం. మా నాన్నగారు చాలాసేపు మాట్లాడకుండా దాన్నే తడుముతూ నిలబడ్డారు. చిన్నప్పటి నుంచి గేదెను కట్టింది దానికే. అది తొలి మార్గపు పట్టాయే అనుకోవచ్చా? తాతగారి పింఛను కాగితంలో గ్యాంగు సంఖ్య ఉంది. ఆయనతో పనిచేసిన ఒకరు పెద్దసానలో ఉన్నారని తెలిసి ఆదివారం వెళుతున్నాం. సంక్రాంతి తర్వాత ఎగ్మూరు ప్రయాణం పెట్టుకున్నాం.

జవాబు: విశ్రాంత రైల్వే గుమాస్తా, ఆమదాలవలస

చాలా సంతోషం తల్లీ. అయితే పద్దెనిమిది వందల తొంభైలలో తయారైన పట్టా అన్నంత మాత్రాన 1900లో మీ మార్గంలోనే వేశారని రాయకండి. పెద్ద మార్గాల్లో వాడి తీసిన పట్టాలను చిన్న మార్గాలకూ సైడింగులకూ తర్వాత ఎప్పుడో వేయడం రైల్వేలో మామూలే. పట్టా ఎత్తు, అడుగుభాగం వెడల్పు, తలభాగం వెడల్పు మిల్లీమీటర్లలో కొలిచి ఇక్కడ రాయండి. తేలికపాటి మార్గానికి చేసిన పట్టానో కాదో ఆ కొలతలతో తేలుతుంది. ఆదివారం పెద్దసాన వెళ్లినప్పుడు, ఆ నిట్రాట మీ ఇంటికి ఏ మైలు దగ్గర నుంచి వచ్చిందో ఆయనకు గుర్తుందేమో కూడా అడగండి.