అప్‌డేట్: పచ్చళ్ల వ్యాపారం నాకు అమ్మి, మళ్లీ పోటీకి దిగినాయన సంగతి

మొదటిసారి చూస్తున్నవాళ్ల కోసం: నడుస్తున్న ఆన్‌లైన్ పచ్చళ్ల వ్యాపారం కొన్నాను. వెబ్‌సైట్, ఇన్‌స్టా పేజీ, కస్టమర్ల జాబితా, గుడ్‌విల్ (అంటే వ్యాపారానికున్న మంచి పేరు, కస్టమర్ల నమ్మకం) అన్నీ కలిపి. మూడేళ్లు ఇదే వ్యాపారం చేయనని రాసిచ్చినాయన, బావమరిది పేరుతో పేజీ తెరిచి పాత కస్టమర్లకే వాట్సాప్‌లు పెట్టడం మొదలెట్టారు. ఏం చేయాలని అడిగాను.

1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం ఇలాంటి షరతు చెల్లదని చాలామంది అన్నారు. ఉద్యోగం మానేసినవాళ్ల విషయంలో అది నిజమే. కానీ గుడ్‌విల్ అమ్మినవాళ్ల మీద పెట్టే షరతుకి అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కొన్నవాళ్లు ఆ వ్యాపారం నడుపుతున్నంత కాలం, ఫలానా ప్రాంతంలో పోటీకి రాకూడదని రాసుకోవచ్చు. ఆ హద్దులు సబబేనని కోర్టుకి అనిపించాలి. మా లాయరు గారి టెన్షన్ అంతా అక్కడే. ఒప్పందంలో ‘భారతదేశమంతటా’ అని ఉంది. ఆన్‌లైన్ వ్యాపారానికి ప్రాంతమంటే ఏది? అందుకే ఏయే రాష్ట్రాలకి ఆర్డర్లు వెళ్లాయో చూపే పాత కొరియర్ బిల్లులన్నీ తీయించారు. విసుగు పని, కానీ కేసుకి బలం అదేనట.

నోటీసు వెళ్లింది. ఇంజంక్షన్, అంటే ఆ పోటీ వ్యాపారం ఆపమనే కోర్టు ఆదేశం, అడుగుతామన్నాం. ఒప్పందంలో ఉన్నట్టే, ఆయనకి ఇవ్వాల్సిన చివరి విడత డబ్బు ఆపాం. నిజం చెప్పాలంటే ఆయన్ని కదిలించింది డబ్బే. కొత్త పేజీ మూసేశారు, పాత కస్టమర్ల జోలికి రానని రాసిచ్చారు. సంతకాలయ్యాకే విడత చెల్లించాను.