ఫుట్‌బాల్ జట్టుకు దేశమంతటా అభిమానులు ఎలా వస్తారు: కప్పుతోనా, ఊరితోనా?

పసుపు చొక్కా (హన్మకొండ)
కేరళ బ్లాస్టర్స్ ఇంతవరకు ఒక్కసారి కూడా ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలవలేదు. మూడుసార్లు ఫైనల్లో ఓడింది. అయినా ఆ జట్టు ఏ ఊళ్లో ఆడినా గ్యాలరీలో మలయాళీలు కనిపిస్తారు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో అదే కేరళ జట్టును ఓడించి కప్పు తెచ్చింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. రెండు జట్లదీ పసుపు రంగే అయినా ఆ రోజు పసుపు చొక్కాలు వేసుకున్నది మనవాళ్లు, కేరళ ఆటగాళ్లు నలుపులో దిగారు. గ్యాలరీలో పసుపు మాత్రం కేరళ వాళ్లదే. అది టీవీలో చూస్తున్నప్పుడు గెలుస్తున్నామన్న సంతోషం కన్నా మనవాళ్లు లేరన్న బాధే నాకు ఎక్కువగా ఉంది.

2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. వరంగల్‌లో ఎవరైనా అయ్యో అన్నారా? రేపు ఇంకో జట్టు వస్తే దానికి దేశమంతటా అభిమానులను ఎలా తేవాలి? నా మట్టుకు మంచి ఆట, గెలుపు ఉంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. కాకపోతే మన జిల్లాల వాళ్లు కూడా కాస్త కదలాలి.

కాజీపేట జంక్షన్
కదలాలంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. మన జట్టు మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలయ్యేది. స్టేడియం గచ్చిబౌలిలో. మనం హైదరాబాద్‌లోకి దిగేది ఉప్పల్ వైపు నుంచి. అంటే వరంగల్ నుంచి ఉప్పల్ దాకా ఒక ప్రయాణం, ఉప్పల్ నుంచి నగరం మొత్తం దాటి ఆ చివరకు మరో ప్రయాణం. ఆట అయ్యేసరికి తొమ్మిదిన్నర. మళ్లీ ఉప్పల్ చేరి బస్సు పట్టుకుని ఇంటికి వచ్చేది ఎన్నింటికి? పొద్దున డ్యూటీ ఉన్నవాడు ఎలా వస్తాడు? దీనికి జవాబు చెప్పి మిగతాది మాట్లాడండి.

భద్రకాళి గట్టు
ఫోనులో చూడవచ్చు కదా.

కాజీపేట జంక్షన్
ఫోనులో చూసేవాడు అభిమాని అయితే ఈ చర్చే అక్కర్లేదు.

పీఈటీ, మానుకోట
బస్సు సంగతి తర్వాత. ఆ ఫైనల్లో మొదట దిగిన పదకొండు మందిలో తెలుగువాడు ఒక్కడైనా ఉన్నాడా? కట్టిమణిది గోవా, ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్, ఆశిష్ రాయ్‌ది సిక్కిం, చింగ్లెన్‌సానాది మణిపూర్. వాళ్ల ఆట మీద నాకు గౌరవమే. కానీ మా బడి పిల్లవాడు ఆ జట్టులో తన పోలిక ఎవరిలో చూసుకోవాలి?

ఒకప్పుడు దేశానికి ఆటగాళ్లను ఇచ్చిన నేల ఇది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన శిక్షణలోనే వచ్చాయి. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రవాడు. ఆ పేర్లు మా పిల్లలకు తెలియవు. అవి తెలియజేయని జట్టు ‘హైదరాబాద్’ అని పేరు పెట్టుకుంటే సరిపోతుందా?

పసుపు చొక్కా
సార్, మీరు చెప్పిన బలరాం పేరే నా వాదనకు ఆధారం. ఆయన 1957లో కలకత్తా జట్టు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. బెంగాలీలు ‘మనవాడు కాదు’ అన్నారా? అంతకుముందు ఆ జట్టులో పంచపాండవులని పేరుపడ్డ ముందు వరుస ఉండేది: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురిలో ఒక్కరూ బెంగాలీ కాదు. దేశ విభజనతో ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన లక్షల మంది ఆ ఐదుగురినీ నెత్తిన పెట్టుకున్నారు. ఆటగాడు ఎక్కడ పుట్టాడని అడగలేదు. మా కోసం గెలుస్తున్నాడా అన్నదే చూశారు.

పీఈటీ, మానుకోట
ఆ జనం ముందే ఉన్నారు. జట్టు వాళ్లది. 1920 నుంచి వాళ్లది. అందుకే బయటి ఆటగాడు వచ్చినా ఇంటివాడయ్యాడు. ఇక్కడ జనమూ లేరు, ఆటగాడూ లేడు, ఒక పేరూ ఒక రంగూ తప్ప.

ఎడమకాలు
సినిమావాళ్లు వస్తే జనం వస్తారంటారు, అదీ నిజం కాదు. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ కేరళ బ్లాస్టర్స్‌లో వాటా తీసుకున్నారు. మన దగ్గర వాళ్ల అభిమానులు ఎందరు కొచ్చి జట్టు మ్యాచ్ చూశారు? 2018లో సచిన్ వాటా అమ్ముకుని వెళ్లిపోయాక కేరళలో ఒక్క అభిమాని తగ్గాడా? మలబారులో పొలాలు కోసిన తర్వాత ఏడుగురేసి ఆడే పోటీలకు ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. జట్టుకు జనం అక్కడి నుంచి వచ్చారు.

రామగుండం నైట్ షిఫ్ట్
నేను లివర్‌పూల్ అభిమానిని. ఇంగ్లండ్ చూడలేదు, చూస్తానో లేదో కూడా తెలియదు. మా క్వార్టర్లలో శనివారం సాయంత్రం ఒక్క గదిలో పదిమందిమి కూర్చుంటాం. ఆ జట్టులో తెలుగువాడు లేడు, మా ఊరికి ఎప్పుడూ రాలేదు, బస్సు కూడా లేదు. అయినా ఓడితే ఆ రాత్రి అన్నం సహించదు. ఆట నాణ్యతే అభిమానిని తెస్తుంది. మన లీగు ఆ స్థాయిలో ఉంటే కాజీపేట అన్న బస్సు లేకపోయినా చూసేవారు.

కాజీపేట జంక్షన్
తమ్ముడూ, నేను లివర్‌పూల్ గురించి అడగలేదు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి గురించి అడిగాను. ఐఎస్ఎల్ తర్వాతి స్థాయి లీగు అయిన ఐ-లీగ్‌లో మన శ్రీనిధి డెక్కన్ జట్టు 2022–23లోనూ 2023–24లోనూ రెండో స్థానంలో నిలిచింది. ఎంత మంచి జట్టు! వాళ్ల మైదానం అజీజ్‌నగర్‌లో, గచ్చిబౌలి కన్నా ఇంకా అవతల. ఫుట్‌బాల్ అంటే నగరానికి పడమటి వైపు వాళ్లకే అని ఎవరు నిర్ణయించారు?

ఇంకో మాట. మన జట్టు కప్పు గెలిచిన ఆ సీజన్లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. కరోనా వల్ల లీగు మొత్తం గోవాలోనే ఆడించారు. గ్యాలరీలో మనవాళ్లు లేరని బాధపడేవారు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

పసుపు చొక్కా
ఆ తర్వాతి సీజన్లో జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చింది కదా. లీగు పట్టికలో రెండో స్థానం. అప్పుడు ఎందుకు రాలేదు? నేను వెళ్లాను. బస్సు దొరకని రాత్రి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర టీ కొట్టు మూసేదాకా నిలబడి, ఖమ్మం వెళ్లే లారీ ఎక్కి, మడికొండ దగ్గర దిగి ఇంటికి నడిచాను. పొద్దున మళ్లీ దుకాణం తెరిచాను. మనసుంటే వస్తారు.

కాజీపేట జంక్షన్
ఖమ్మం లారీ మడికొండకు ఎందుకు వస్తుంది? అది సూర్యాపేట దారిలో వెళ్లాలి.

పసుపు చొక్కా
వరంగల్ మార్కెట్‌లో సరుకు దించి వెళ్లే లారీ. ఇది ఇప్పుడు అంత ముఖ్యమా అన్నా?

భద్రకాళి గట్టు
2018లో భారత జట్టు కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడియో పెట్టి ‘తిట్టడానికైనా రండి’ అని వేడుకుంటే ముంబైలో టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. అడిగితే వస్తారు.

పీఈటీ, మానుకోట
ఛెత్రి అడిగింది దేశం జట్టు కోసం. అది వేరు.

మనసుంటే వస్తారన్న మాట నాకు నచ్చలేదు. పిల్లలకు మనసు లేదా? మా బడి పక్క మైదానంలో ఇనుప గోల్‌పోస్టులు ఉండేవి. దాతల దగ్గర చందా పట్టి, వెల్డింగు చేయించి, పిల్లలతోనే తెల్లరంగు వేయించాను. ఒక ఎగ్జిబిషన్ కోసం వాటిని పీకి ప్రహరీకి ఆనించారు. ఎగ్జిబిషన్ పోయింది, రంగులరాట్నం దిగిన చోట గుంతలు మిగిలాయి, పోస్టులు అక్కడే తుప్పు పట్టాయి. ఇప్పుడు ఆడపిల్లలు రెండు ఇటుకలు పెట్టుకుని ఆడతారు. బంతి ఇటుక మీద నుంచి పోతే గోలా కాదా అని రోజూ తగువే. వాళ్లకు పై కర్ర ఎక్కడ ఉంటుందో కూడా తెలియదు. ఇలాంటి చోటుకు ఏ జట్టు వాళ్లయినా ఒక్కసారి వచ్చి ఒక బంతి ఇచ్చారా? అభిమానులు లేరని మాత్రం మా మీద నింద.

రామగుండం నైట్ షిఫ్ట్
గోల్‌పోస్టులు పీకించింది జట్టు కాదు కదా సార్. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

పసుపు చొక్కా
అదే నేనూ అడుగుతున్నాను. ప్రతిదీ తెచ్చి జట్టు నెత్తిన పెడుతున్నారు. నిజం చెప్పనా? జట్టు ఢిల్లీ వెళ్లిపోయిన రోజు మీలో చాలామందికి లోపల సంతోషంగానే ఉంది. ‘మేం ముందే చెప్పాం’ అనుకోవడానికి వీలు దొరికింది. మీరు ఒక్క టికెట్టు కొనలేదు, ఒక్క చొక్కా కొనలేదు. 2023–24లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోతే, కుర్రవాళ్లతో ఆడి సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ గెలిచాం. ఆ ఒక్క గెలుపుకు కూడా కళ్లనీళ్లు పెట్టుకున్నవాడిని. ఆ కుర్రవాళ్ల కోసం ఎవరు నిలబడ్డారు?

పీఈటీ, మానుకోట
సంతోషమా? మాట జాగ్రత్త. నాకు సంతోషం లేదు, దుఃఖమూ లేదు, ఎందుకంటే అది మాది అని మాకు ఎవరూ చెప్పలేదు. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో ఇక్కడికి వచ్చింది. ఇక్కడ గిట్టకపోతే ఢిల్లీకి వెళ్లింది. రెండుసార్లూ అభిమానిని ఎవరూ అడగలేదు. ఊరు మార్చుకోగల జట్టుకు నా పిల్లల మనసు ఇవ్వమంటే ఇవ్వను. ముందు జట్టు వచ్చి ఇక్కడ వేళ్లు పాతుకోవాలి. తర్వాత మేం వస్తాం.

పసుపు చొక్కా
అయితే ఎప్పటికీ ఏ జట్టూ రాదు సార్. జనం లేరని పెట్టుబడి పెట్టేవాడు రాడు, పెట్టుబడి లేదని జనం రారు. ఎవరో ఒకరు ముందు అడుగు వేయాలి. నేను వేశాను.

వేళ్ల గురించి చెప్పారు కాబట్టి మీరే చెప్పండి: సిటీ పోలీస్ జట్టును ఎవరూ కొనలేరు, ఎక్కడికీ తీసుకుపోలేరు. అంతకన్నా లోతైన వేళ్లు దేనికున్నాయి? ఆ వైభవం ఏమైంది? మరోవైపు బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టింది, ఒక కంపెనీ పెట్టిన జట్టు. మొదటి సీజన్లోనే, అప్పటికి దేశంలో పెద్ద లీగు అయిన ఐ-లీగ్ గెలిచింది. ఆ జట్టు అభిమానుల సంఘం వెస్ట్ బ్లాక్ బ్లూస్ కుర్రవాళ్లు ‘ఇది కంపెనీది’ అని ఇంట్లో కూర్చుంటే ఆ గ్యాలరీ అలా ఉండేదా? 2024లో కేరళ జట్టు వరుసగా ఓడుతుంటే అభిమానుల సంఘం మంజప్పడ వాళ్లు యాజమాన్యం మీదే నిరసనకు దిగారు. ముందు ప్రేమించారు కాబట్టే నిలదీసే హక్కు వచ్చింది.

ఎడమకాలు
సిటీ పోలీస్ గురించి పసుపు చొక్కా చెప్పింది ఆలోచించాల్సిన మాట. శాఖ జట్లకు ఉద్యోగులు ఉంటారు, అభిమానుల సంఘం ఉండదు. ఆటగాళ్లు రిటైరయ్యాక వాళ్లతోపాటు ఆ కథా పోయింది.

పది నంబర్ (నిజామాబాద్)
ఇంతసేపూ చదువుతున్నాను. ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడినదాన్ని. ఇందరు ఇన్ని పేర్లు చెప్పారు, గుగులోత్ సౌమ్య పేరు ఒక్కరూ ఎత్తలేదు. మా జిల్లా తండా పిల్ల. గోకులం కేరళకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడింది, 2024–25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది. మా చుట్టుపక్కల తండాల్లో ఆడపిల్లలు ఈస్ట్ బెంగాల్ ఎరుపు పసుపు చొక్కాలు కావాలని అడుగుతున్నారు. కలకత్తా ఎక్కడుందో పటంలో చూపించలేని పిల్లలు. ఏ ప్రకటన చూసి అడిగారు? ఏ బస్సు ఎక్కి వెళ్లారు?

పీఈటీ, మానుకోట
అమ్మా, మంచి మాట గుర్తుచేశారు. మా పిల్లలు కూడా ఆ అమ్మాయి ఆట ఫోనులో పెట్టమంటారు. ఎడమ పక్క నుంచి ఎలా దూసుకుపోతుందో ఇటుకల మధ్య చేసి చూపిస్తారు. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే: మన మనిషి ఒక్కరు ఉంటే చాలు.

పసుపు చొక్కా
అక్కా, ఒప్పుకుంటాను. కానీ చూడండి, ఆ అమ్మాయికి చోటిచ్చింది ఎవరు? నూరేళ్లుగా జనం నిలబెట్టుకున్న క్లబ్బు. మన దగ్గర అలాంటిది ఉంటే సౌమ్య ఇక్కడే ఆడేది, ఆ చొక్కా మన రంగులో ఉండేది. కలకత్తా జట్టుకు నిజామాబాద్ తండాలో అభిమానులు పుట్టారు. మన జట్టుకు హన్మకొండలో పుట్టలేదు.

పది నంబర్ (నిజామాబాద్)
మన దగ్గర అమ్మాయిల జట్టు నడపాలని ఎవరైనా పట్టుబట్టారా తమ్ముడూ? మీరంతా అడిగినది మగవాళ్ల ఐఎస్ఎల్ జట్టు గురించే.

రామగుండం నైట్ షిఫ్ట్
ఇది నిజం.

పసుపు చొక్కా
సరే, మాటలు చాలు. ఒకటి అడుగుతాను. రేపు వచ్చే జట్టు, మగవాళ్లదైనా ఆడవాళ్లదైనా, హన్మకొండ నెహ్రూ స్టేడియంలో ఏడాదికి ఒక మ్యాచ్ ఆడితే పిల్లలను తీసుకువస్తారా సార్?

పీఈటీ, మానుకోట
మ్యాచ్‌కు ముందు వాళ్ల కోచ్ ఒకరు మానుకోట వచ్చి ఒక పూట మా పిల్లలతో ఆడాలి. పోస్టులు నిలబెట్టించాలి. అప్పుడు తీసుకువస్తాను. ఖాళీ కుర్చీలు నింపడానికి యూనిఫారం వేయించి లారీలో తోలుకురావడమంటే మాత్రం రాను.

కాజీపేట జంక్షన్
ఆదివారం మధ్యాహ్నం పెట్టండి, రైలు దిగి నడిచి వచ్చేస్తారు.

పసుపు చొక్కా
ఆదివారం సరే. షరతులు మాత్రం నాకు ఒప్పుదల కాదు సార్. ముందు మ్యాచ్‌కు రండి, కోచ్‌ను పంపమని గ్యాలరీలో కూర్చుని అందరం కలిసి అడుగుదాం.

పీఈటీ, మానుకోట
ముందు కోచ్.