సేపియన్స్ తరవాత ఏం చదవాలి? చదివినదాంట్లో ఏది రుజువు, ఏది ఊహ?

శ్రీవల్లి:
సైన్సు, చరిత్ర, తత్త్వం, సమాజం మీద మామూలు పాఠకులకు అర్థమయ్యే పుస్తకాలు ఒక వరసలో చదవాలనుంది. యువాల్ నోవా హరారి రాసిన సేపియన్స్ పూర్తయింది. చదువుతున్నంతసేపూ ప్రతి పేజీకీ తల ఊపాల్సిందే. మూసి పక్కన పెట్టాక మాత్రం ఏది తేలిన విషయం, ఏది రచయిత ఊహ అన్నది విడదీయడం కుదరడం లేదు.

రెండు సంగతులు చెప్పండి. తరవాత ఏవి చదవాలి? తెలుగులో ఉన్నవాటికి మొదటి చోటు. ఇంగ్లీషు చదవగలను, కాస్త నెమ్మది. రెండోది, ఇలాంటి పుస్తకాల్లో తప్పొప్పులు పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా? యాభై పేర్ల జాబితా వద్దండీ. నాలుగైదు చాలు. ఎందుకు చదవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెబితే మేలు.

భాస్కర్:
శ్రీవల్లి గారూ, ముందు మీ రెండో ప్రశ్న. చేతిలో ఉన్న సేపియన్స్ మీదే మొదలుపెట్టొచ్చు.

నోటుపుస్తకంలో పేజీని మూడు గళ్లుగా గీయండి. మొదటి గడిలో రచయిత చెప్పిన మాటను ఒక్క వాక్యంలో రాయండి. రెండో గడిలో అది ఎలా తెలిసిందో రాయండి: తవ్వకమా, డీఎన్ఏనా, శాసనమా, ప్రయోగమా, లేక రచయిత తర్కమేనా. మూడో గడిలో ఆ ఆధారం ఏ సంవత్సరానిదో వేయండి. అధ్యాయానికి మూడు వాక్యాలకు మించొద్దు. ప్రతి వాక్యానికీ గళ్లు నింపబోతే పదో పేజీకే విసుగొచ్చి పుస్తకమే ఆగిపోతుంది. వాదన మొత్తం ఏ మాటల మీద నిలబడిందో, ఏవి తీసేస్తే కూలుతుందో, అవే తీసుకోండి.

సుమారు 70,000 ఏళ్ల కిందట మనిషి ఆలోచనలో విప్లవం వచ్చిందని హరారి అంటాడు. రెండో గడి నింపబోతే చిక్కు అక్కడే మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో గీతలు చెక్కిన ఎర్రమట్టి ముక్కలు, చిల్లులు పెట్టిన గుల్లపూసలు దొరికాయి. వాటి వయసు సుమారు 75,000 ఏళ్లు, చెక్కిన ముక్కల్లో కొన్ని అంతకంటే పాతవి. ఆఫ్రికాలో ఇలాంటి మార్పులు ఒక్కసారిగా కాక, చాలా దీర్ఘకాలం పాటు ఒక్కొక్కటిగా, ఒక్కోచోట వచ్చాయని పురావస్తు పరిశోధకులు సాలీ మెక్‌బ్రియర్టీ, ఆలిసన్ బ్రూక్స్ 2000లోనే వివరంగా వాదించారు. కాబట్టి తవ్వకాల్లో దొరికినవి పూసలూ పనిముట్లూ. వాటిని ‘విప్లవం’గా పేర్చింది రచయిత. ఆ పేర్పు తప్పనే అనక్కర్లేదు, కానీ మీ రెండో గడిలో ‘తర్కం’ అని పడాలి.

మూడో గడికి ఉదాహరణ ఇంకా తేలిక. 2014 ఇంగ్లీషు ముద్రణలో మన హోమో సేపియన్స్ జాతి వయసు 2 లక్షల ఏళ్లు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ ఎముకలు సుమారు 3 లక్షల ఏళ్లనాటివని 2017లో తేలింది. ఇందులో రచయితను తప్పుపట్టడానికేం లేదు, పుస్తకం వచ్చిన సంవత్సరం చూసుకోవాల్సింది మనం.

ఇక గోధుమే మనిషిని మచ్చిక చేసుకుందన్న అధ్యాయం. చదవడానికి అద్భుతంగా ఉంటుంది, కానీ అది పశ్చిమాసియా కథ. మన దక్కన్‌లో జరిగింది వేరు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను (ఆదిలాబాద్ వైపు ఉన్న ఉట్నూరు వేరు) పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వాడు. పశువుల దొడ్లో పేరుకున్న పేడ మళ్లీ మళ్లీ తగలబడి ఆ దిబ్బ ఏర్పడిందని చూపాడు. సుమారు క్రీ.పూ. 3000 నుంచి ఇక్కడి బతుకు పశువుల మందల చుట్టూ, ఆ తరవాత ఉలవలు, పెసలు, అండుకొర్రల్లాంటి పంటల చుట్టూ నడిచింది. గోధుమ, బార్లీ బయటినుంచి ఆలస్యంగా వచ్చాయి. ‘మానవజాతి చరిత్ర’ అని ఎవరు రాసినా, అందులో మన ఊరి నేల ఇముడుతుందో లేదో చూడటం మంచి పరీక్ష.

సేపియన్స్‌కు ఎదురువాదం కావాలంటే గ్రేబర్, వెంగ్రోల ‘ద డాన్ ఆఫ్ ఎవ్రీథింగ్’ (2021). చాలా లావు పుస్తకం. వాళ్ల మొగ్గు వాళ్లకుంది కాబట్టి దానికీ మూడు గళ్లూ గీయాల్సిందే.

నాగమణి:
చరిత్రకు నా ఓటు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే. సురవరం ప్రతాపరెడ్డి గారిది, 1949. సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన తొలి పురస్కారం (1955) దీనికే. రాజులూ యుద్ధాలూ పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఎవరికి మొక్కారు అని అడిగిన పుస్తకం. ఆ రోజుల్లో అలా అడగడమే కొత్త. గ్రాంథికం భయం అక్కర్లేదు, తేలిగ్గా సాగుతుంది.

జాగ్రత్త ఎక్కడంటే, ఆయన ముఖ్యంగా కావ్యాల్లోంచి ఆధారాలు తీస్తారు. కావ్యంలో పురవర్ణన, ఋతువర్ణన అలంకారశాస్త్రం ప్రకారం ఉండి తీరాలి. అందువల్ల ఒక కవి తన ఊళ్లో ఏడంతస్తుల మేడలున్నాయంటే అవి ఉన్నట్టు కాదు. అదే కవి మాటవరసకు ఒక పూటకూళ్ల ఇంటి భోజనం ధర చెబితే దానికి విలువెక్కువ. గొప్ప కోసం చెప్పింది కాదు గనక. క్రీడాభిరామం సంగతీ చూడండి. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టిస్తుంది, కానీ అది 1323లో ఆ రాజ్యం పడిపోయాక రాసిన రచన. కర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న వివాదం కూడా ఉంది. చాటువులతో మరీ జాగ్రత్త. నోటినోటా వచ్చి ఏ పేరు దగ్గరో ఆగుతాయి. శ్రీనాథుడి పేరుమీద చలామణీ అయ్యేవన్నీ శ్రీనాథుడివని నమ్మి పల్నాడు తిండి గురించి నిర్ణయాలు చేయకూడదు.

అందుకే దీనికి జోడీగా సింథియా టాల్బట్ ‘ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్’ (2001) చదవండి. 1175 నుంచి 1325 దాకా ఆంధ్రదేశపు శాసనాలను వందల సంఖ్యలో పోగుచేసి, ఎవరు దానమిచ్చారు, పేరు వెనక ఏం తగిలించుకున్నారు, ఏ ఊళ్లో అని లెక్కగట్టిన పని. కులం గురించి మనం స్కూల్లో నేర్చుకున్న నాలుగు వర్ణాల చట్రం ఆ రాళ్లమీద అంతగా కనబడదు. రెడ్డి, నాయకుడు, బోయ, సెట్టి లాంటి హోదాల, వృత్తుల పేర్లే కనబడతాయి. తండ్రికి ఒక బిరుదు, కొడుక్కి ఇంకోటి ఉన్న సందర్భాలూ ఉన్నాయి. ఇది చదివాక ‘అనాదిగా ఇలాగే ఉంది’ అన్న మాట ఎవరు అన్నా ఆధారం అడగాలనిపిస్తుంది.

శాసనాలకూ లోపముంది. వాటిలో ఎక్కువ భాగం గుడికిచ్చిన దానాలు. ఇవ్వడానికి ఏమీ లేనివాళ్లు రాతిమీదికి ఎక్కరు. ఊడ్చిన మనిషి, మోసిన మనిషి, కోత కోసిన కూలీ కావ్యంలో ఎక్కడో ఒక పద్యంలో తగులుతారు గానీ శాసనంలో దాదాపుగా కనబడరు. ఈ రెండు పుస్తకాలూ కలిపి చదవమనడం అందుకే.

ప్రసాద్ (భౌతికశాస్త్రం):
సైన్సుకు తెలుగులో మొదలుపెట్టాలంటే నండూరి రామమోహనరావు గారి ‘విశ్వరూపం’, ‘నరావతారం’. మొదటిది ఖగోళం, రెండోది జీవపరిణామం. వాక్యం ఎంత శుభ్రంగా ఉంటుందంటే, తెలుగులో సైన్సు రాయలేమన్నవాళ్లకు ఈ రెండూ చూపిస్తే చాలు. అయితే పాతవి. విశ్వం వ్యాకోచించే వేగం పెరుగుతోందని తెలిసింది 1998లో. సూర్యుడిలాంటి వేరే నక్షత్రం చుట్టూ గ్రహం దొరికింది 1995లో. ఇవి వాటిలో ఉండవు. కార్ల్ సేగన్ కాస్మోస్‌కూ (1980), హాకింగ్ బ్రీఫ్ హిస్టరీకీ (1988) ఇదే వర్తిస్తుంది. కాస్మోస్‌లో చరిత్ర భాగం దగ్గర ఇంకొంచెం ఆగండి. గణిత, తత్త్వ పండితురాలు హైపేషియా హత్యనూ (415) అలెగ్జాండ్రియా గ్రంథాలయ నాశనాన్నీ ఒకే ముడి వేస్తాడు, కానీ ఆ గ్రంథాలయం అంతకు చాలాముందే క్షీణించింది.

డార్విన్ ‘ఆన్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ను నేరుగా చదవడం అనుకున్నంత కష్టం కాదు. ఏ ముద్రణ అన్నదే ముఖ్యం. నెట్‌లో ఉచితంగా దొరికేవాటిలో చాలావరకు 1872 నాటి ఆరో ముద్రణ. విమర్శకులకు జవాబులిస్తూ ఒక అధ్యాయమే అదనంగా చేర్చాడు, అసలు వాదన ఆ జవాబుల్లో చిక్కుపడింది. 1859 మొదటి ముద్రణ వెతుక్కోండి. గుర్తు పట్టడం తేలిక: మొదటి దాంట్లో 14 అధ్యాయాలు, ఆరోదాంట్లో 15. ‘సర్వైవల్ ఆఫ్ ద ఫిటెస్ట్’ కనబడితే అది 1869 లేదా ఆ తరవాతి ముద్రణే. మొదటి నాలుగు అధ్యాయాలు, తరవాత ఆరు, తొమ్మిది, చివరగా పద్నాలుగు చదివితే వాదన మొత్తం చేతికొస్తుంది. మొదట్లో పావురాల గురించి అంత సుదీర్ఘంగా ఎందుకని దాటేయకండి. మనిషి ఎంపికతో కొద్దికాలంలో ఇంత తేడా తేగలిగితే, ప్రకృతి లక్షల ఏళ్లలో ఎంత తేగలదన్న వాదనకు పునాది అదే. ఆరు, తొమ్మిది అధ్యాయాల్లో తన సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కులన్నీ తానే ఏకరువు పెడతాడు. సైన్సు రచయిత నిజాయితీకి అంతకంటే మంచి కొలత లేదు.

మనస్తత్వశాస్త్రంలో కానేమన్ ‘థింకింగ్ ఫాస్ట్ అండ్ స్లో’ (2011) అందరూ చెబుతారు. చదవాల్సిందే, కానీ అధ్యాయాల బలం సమానంగా లేదు. నాలుగో అధ్యాయంలో ముసలితనాన్ని గుర్తుచేసే మాటలు చదివినవాళ్లు నెమ్మదిగా నడిచారన్న ప్రయోగం ఉంది. 2012లో బ్రసెల్స్‌లో పరారుణ సెన్సర్లతో కొలిస్తే ఆ ఫలితం రాలేదు. ప్రయోగం నడిపేవాళ్లకు ‘వీళ్లు నెమ్మదిస్తారు’ అని ముందే నమ్మకం కలిగించినప్పుడే కనబడింది. మూడో అధ్యాయంలోని ‘సంకల్పబలం ఖర్చయిపోతుంది’ అన్న ప్రయోగాన్ని 2016లో 23 ప్రయోగశాలలు కలిసి చేస్తే ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది. చిన్న నమూనాలను ఎక్కువగా నమ్మానని 2017లో కానేమనే ఒప్పుకున్నాడు. పదకొండో అధ్యాయం, అంటే ముందు విన్న అంకె మన అంచనాను లాగేస్తుందన్నది, గట్టిగా నిలబడింది. 2014లో 36 చోట్ల చేసి చూశారు.

భాస్కర్:
ప్రసాద్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. భారతీయుల మూలాల మీద టోనీ జోసెఫ్ రాసిన ‘ఎర్లీ ఇండియన్స్’ 2018 చివర్లో వచ్చింది. అది ఆధారపడిన పెద్ద డీఎన్ఏ అధ్యయనం నిపుణుల పరిశీలన పూర్తయి అచ్చయింది 2019 సెప్టెంబరులో. హరప్పా నాగరికత నాటి రాఖీగఢీ (హర్యానా) తవ్వకాల డీఎన్ఏ ఫలితం కూడా అదే నెలలో. అరవైకి పైగా నమూనాల్లో పనికొచ్చే డీఎన్ఏ ఇచ్చింది ఒక్క మహిళ అస్థిపంజరమే. ఆ ఒక్క మనిషి మీద టీవీ చర్చల్లో ఎంత బరువు మోపారో గుర్తుంచుకుని చదవండి. పుస్తకం చెప్పే కథ స్థూలంగా మారలేదు. కానీ ఎవరు ఏ భాష మాట్లాడారో డీఎన్ఏ చెప్పదు. హరప్పావాళ్లు ద్రావిడ భాష మాట్లాడారన్నది వేరే ఆధారాల మీద నడిచే వాదన, ఆ గడి విడిగా నింపాలి.

రహీం:
తత్త్వానికి నండూరి గారిదే ‘విశ్వదర్శనం’, పాశ్చాత్యం ఒక భాగం, భారతీయం ఒక భాగం. అయితే ఇలాంటి పరిచయ గ్రంథాలే వరసగా చదివితే పేర్లు మిగులుతాయి, వాదనలు మిగలవు. ప్రతి రెండు అధ్యాయాలకూ ఒక చిన్న మూలగ్రంథం తగిలించండి. ప్లేటో ‘యూథిఫ్రో’ ఒక సాయంత్రం పని. దేవతలకు ఇష్టం కాబట్టి అది పుణ్యమా, పుణ్యం కాబట్టి దేవతలకు ఇష్టమా అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని వదలదు. తరవాత ‘అపాలజీ’, అంటే విచారణలో సోక్రటీస్ ఇచ్చిన జవాబు. చదివాక వాదనను నాలుగు వాక్యాల్లో మీ తెలుగులో రాయండి. రాయలేకపోయిన చోటికే మళ్లీ వెళ్లాలి.

సమాజానికి అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’. లాహోర్ సభ కోసం 1936లో రాసిన ప్రసంగం. నిర్వాహకులు సభే రద్దుచేస్తే తనే అచ్చు వేయించారు. కొనేటప్పుడు గాంధీ విమర్శ, దానికి అంబేడ్కర్ జవాబు కూడా ఉన్న ప్రతి తీసుకోండి, 1937 రెండో ముద్రణ నుంచి అవి చేరాయి. అవి లేకపోతే సగం చర్చే మీ చేతిలో ఉన్నట్టు. నాగమణి గారు చెప్పిన టాల్బట్ పక్కన పెట్టి చదివితే శాసనాల కాలపు కులానికీ, అంబేడ్కర్ ఎదుర్కొన్న కులానికీ మధ్య ఏం మారిందన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది.

శ్రీవల్లి:
అందరికీ ధన్యవాదాలండీ. సురవరం గారితో మొదలుపెడతాను. నాగమణి గారూ, టాల్బట్ పుస్తకం మొత్తం చదవాలా? ఇంగ్లీషు ఎలా ఉంటుంది?

నాగమణి:
పరిశోధన పుస్తకం కాబట్టి పట్టికలూ పాదసూచికలూ ఎక్కువ, వాక్యాలు మాత్రం సూటిగానే ఉంటాయి. ముందు రెండో అధ్యాయం చదవండి, సమాజం గురించిన లెక్కలు అందులోనే. ఆ తరవాత ఐదో అధ్యాయం, కాకతీయులను తరవాతి తరాలు ఎలా తలచుకున్నాయన్నది. గుళ్ల గురించినది మూడోది, ఆసక్తి ఉంటేనే. శాసనం అసలు ఎలా ఉంటుందో చూడాలనిపిస్తే ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ పదో సంపుటం తెరవండి, అందులో ఉన్నవన్నీ తెలుగు శాసనాలే. పది పదిహేను చదివేసరికి తేదీ, రాజు పేరు, దాత, దానం, చివర్లో శాపం అన్న వరస పట్టుబడుతుంది.