పాత ఎల్పీలు, గ్రామఫోన్ ప్లేట్లు కోసి కొలాజ్ చేయడం తప్పా?

కత్తెర_జిగురు
ఆబిడ్స్ ఆదివారం సంతలో అట్టపెట్టెడు పాత ఎల్పీలు (వినైల్ రికార్డులు), అడుగున కొన్ని 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం గ్రామఫోన్ ప్లేట్లు) దొరికాయి. సగం బూజు, సగం గీతలు. ఎల్పీ అట్టలు కత్తిరించి, పగిలిన ప్లేటు ముక్కలు కలిపి కొలాజ్ చేశాను. వాట్సాప్‌లో ఫొటో పెట్టగానే బాబాయి ఫోన్: "ఘంటసాల మొహం మీద కత్తెర పెట్టడానికి చేతులెలా వచ్చాయిరా?" మీరు చెప్పండి, తప్పా?

సూది_మార్చాలి
మీ బాబాయి గారికి కోపం రావాల్సిన చోట రాలేదు. ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ ఎన్ని ఇళ్లలో లేదు! ఒకటి కోస్తే నేనేమీ అనను. నా బాధ ఆ అడుగున ఉన్న 78ల గురించి. వాటికి బొమ్మల అట్టలు ఉండవు, మధ్యలో చిల్లున్న కాగితం కవరే. పాడిందెవరో, ఏ నాటకంలో పద్యమో తెలియాలంటే లేబుల్ చూడాలి. లక్క సరుకు, చేయి జారితే గాజు పగిలినట్టే. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట. అది పోతే ఇంకో కాపీ ఎక్కడుందో ఎవరికి తెలుసు?

మూడో_అంతస్తు
అలా అయితే రికార్డులతోనే కళాకృతులు చేసిన క్రిస్టియన్ మార్క్లే అనే విదేశీ కళాకారుణ్ణి ఏమంటారు? 1980ల్లో ఆయన వినైల్ రికార్డులు కోసి, వేర్వేరు ముక్కల్ని ఒకే ప్లేటుగా అతికించి టర్న్‌టేబుల్ మీద తిప్పాడు. అతుకు దగ్గర సూది టక్కుమనడమూ పాటలో భాగమే. తర్వాత 1991-92లో ఎల్పీ అట్టలు పక్కపక్కన పెట్టి దారంతో కుట్టాడు. పైన చేతులెత్తిన ఆర్కెస్ట్రా కండక్టర్, కింద ఇంకో అట్ట మీది ఆడవాళ్ల కాళ్లు. ముందు నవ్వొస్తుంది. మగవాళ్లకి మొహం, ఆడవాళ్లకి కాళ్లు మాత్రమే ఎందుకు అచ్చేశారన్నది ఆ తర్వాత తడుతుంది. జిరాక్స్ కాగితాలతో ఇంత దెబ్బ తగలదు.

సూది_మార్చాలి
ఒప్పుకుంటా. కానీ అవి లెక్కలేనన్ని అచ్చయిన అట్టలు. వాటికీ, 1930ల మద్రాసు రికార్డుకీ పోలికా?

లాయరుని_కాదు
చట్టం సంగతి క్లుప్తంగా. మన దేశంలో రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. అట్ట మీది బొమ్మ లెక్క వేరు, వేసిన ఆర్టిస్టు పోయాక 60 ఏళ్లు. కాబట్టి పాట హక్కు తీరినా బొమ్మది మిగిలి ఉండొచ్చు. ఇంట్లో గోడకైతే ఎవరూ అడగరు. ప్రింట్లు వేసి అమ్మాలనుకుంటే మాత్రం ఆలోచించండి.

కత్తెర_జిగురు
అమ్మట్లేదండీ. స్కాన్ చేసి వాడొచ్చుగా అని ఇంకో ఇద్దరు మెసేజ్ పెట్టారు. అట్ట లోపల ప్లేటు ఏళ్ల తరబడి ఒరిసి పైన గుండ్రంగా తెల్లమచ్చ పడుతుంది చూశారా, దాన్నే చందమామ చేశాను. వేలితో తడిమితే ఆ గరుకు తెలుస్తుంది, ప్రింటులో రాదు. ఎల్పీ హ్యాక్సా బ్లేడుకి బాగానే తెగింది. 78 మాత్రం బ్లేడు ఆనగానే పెళ్లున విరిగింది. లేబుల్ రాత్రంతా నీళ్లలో నానబెట్టినా ఊడలేదు.

సూది_మార్చాలి
ఊడదు. అది స్టిక్కర్ కాదు, ప్లేటు వేడి మీద ఉన్నప్పుడే కలిపి నొక్కేస్తారు. ఒక్క నిమిషం... అంటే బాగున్న ప్లేటునే కోశారా? ముందే పగిలినవి అన్నారుగా! ఫొటోలో ఎడమ మూల ఎర్ర లేబుల్ ముక్క అదేనా? దాని మీద నంబరు ఎంత?

కత్తెర_జిగురు
మూడు ముందే పగిలినవి, అదొక్కటీ నేను విరగ్గొట్టిందే. నంబరున్న ముక్క చందమామ కింద ఉంది. ఫెవికాల్‌తో అంటించా. శనివారం మెల్లగా లేపి చూస్తాను.

సూది_మార్చాలి
లేపొద్దు! ఎక్కడుంటారో చెప్పండి, నేనే వస్తాను.